ఎలుక పాదంలో వాపు, సెరటోనిన్ పాత్ర: మనిషికి ఎంతవరకు వర్తిస్తుంది?

క్లుప్తంగా: ప్రయోగశాల ఎలుకల్లో సెరటోనిన్ వాపు తెప్పిస్తుందని 1950ల నుంచీ రుజువవుతూ వస్తోంది. సన్నని సిరల గోడల్లో సందులు తెరిచి, రక్తంలోని ద్రవాన్ని బయటికి వదలడం ద్వారా అది ఈ పని చేస్తుంది. అయితే ఎలుకల మాస్ట్ కణాల్లో (అలర్జీ రసాయనాలను దాచుకునే రోగనిరోధక కణాలు) సెరటోనిన్ దండిగా ఉంటే, మనిషి మాస్ట్ కణాల్లో చాలా తక్కువ. కాబట్టి ‘సెరటోనిన్ తెచ్చిన వాపును ఈ మందు తగ్గించింది’ అన్న ఫలితం విన్నప్పుడు ముందుగా చూడవలసింది ఏ జంతువు, సెరటోనిన్ ఏ కణం నుంచి వచ్చింది, మందు ఎప్పుడు ఇచ్చారు అన్నవే.

సెరటోనిన్ పేరు వినగానే చాలామందికి మెదడు గుర్తొస్తుంది. దిగులు, నిద్ర, ఆనందం గురించి రాసే ఆరోగ్య శీర్షికల్లో ఆ పేరు లేనిది అరుదు. మరోవైపు మూలికల మీద వచ్చే పరిశోధన వార్తల్లో ‘సెరటోనిన్ వల్ల ఎలుకల్లో కలిగిన వాపును ఈ ఆకు సారం తగ్గించింది’ అన్న వాక్యం తరచుగా కనబడుతుంది. ఉల్లాసాన్నిస్తుందని చెప్పే పదార్థమే వాపు ఎందుకు తెస్తుంది? దాన్ని అడ్డుకుంటే కీళ్లనొప్పులు తగ్గుతాయా, మనసు కుంగిపోతుందా? పాఠకులకు ఈ సందేహాలు రావడం సహజం. జవాబు సెరటోనిన్ శరీరంలో ఎక్కడ తయారవుతుంది, ఎక్కడ నిల్వ ఉంటుంది అన్నదాని మీద ఆధారపడి ఉంది.

మాటల విషయంలో ఒక చిన్న జాగ్రత్త. ఈ వ్యాసంలో ‘ఎలుక’ అంటే ప్రయోగశాలల్లో పెంచే పెద్ద తెల్ల ఎలుక. ‘చిట్టెలుక’ అంటే 20–30 గ్రాముల బరువుండే చిన్న జాతి. వార్తల్లో రెండింటినీ కలిపి ఎలుకలనే రాస్తారు కానీ, ప్రయోగాల్లో ఇవి వేర్వేరు జంతువులు.

పేగులో పుట్టుక, ప్లేట్‌లెట్లలో ప్రయాణం

సెరటోనిన్ మొదట దొరికింది మెదడులో కాదు. 1930లలో ఇటలీలోని పావియాలో విత్తోరియో ఎర్‌స్పామెర్ పేగు లోపలి పొరలోని ఒక రకం కణాల నుంచి కండరాలను ముడుచుకునేలా చేసే పదార్థాన్ని తీసి, దానికి ఎంటెరమిన్ అని పేరు పెట్టాడు. 1948లో అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్‌లో మారిస్ రాపోర్ట్, ఆర్డా గ్రీన్, ఇర్వైన్ పేజ్ అధిక రక్తపోటు మీద పనిచేస్తూ, గడ్డకట్టిన రక్తం నుంచి వేరుపడే సీరంలో రక్తనాళాలను బిగించే పదార్థాన్ని శుద్ధి చేశారు. దానికి సెరటోనిన్ అన్న పేరు వచ్చింది. రెండూ ఒకటేనని 1952లో తేలింది. మెదడులో కూడా అది ఉందని బెట్టీ ట్వారోగ్, పేజ్ 1953లో చూపించారు. అంటే ఈ పదార్థం కథ పేగుతో, రక్తంతో మొదలై, మెదడుకు తర్వాత చేరింది.

శరీరంలోని సెరటోనిన్‌లో 90 శాతానికి పైగా పేగులోనే ఉంటుంది. అక్కడి నుంచి రక్తంలోకి వచ్చినదాన్ని ప్లేట్‌లెట్లు పీల్చుకుని తమ రేణువుల్లో దాచుకుంటాయి. ప్లేట్‌లెట్లు దాన్ని సొంతంగా తయారు చేసుకోలేవు. గాయం దగ్గర రక్తం గడ్డకట్టేటప్పుడు మాత్రం ఒక్కసారిగా విడుదల చేస్తాయి. రక్తంలోని సెరటోనిన్ మెదడు చుట్టూ ఉన్న రక్షణ పొరను దాటి లోపలికి పోదు. మెదడు తనకు కావలసింది తానే చేసుకుంటుంది. ఆ తయారీకి అవసరమైన ఎంజైమ్ కూడా పేగులో ఒకటి, మెదడులో మరొకటి అని 2003లో జన్యు పరిశోధన తేల్చింది. ట్రిప్టోఫాన్ హైడ్రాక్సిలేజ్ అనే ఈ ఎంజైమ్‌లో మొదటి రకం పేగులో, రెండో రకం మెదడులో పనిచేస్తాయి.

ఇది తెలిస్తే మొదటి అయోమయం చాలావరకు తొలగిపోతుంది. మనసు మీద పనిచేసే సెరటోనిన్, వాపులో పాల్గొనే సెరటోనిన్ రసాయనికంగా ఒకటే. నిల్వలు మాత్రం వేరు, దారులు వేరు. పాదంలో వాపు తెచ్చే సెరటోనిన్‌కు అదే ఎలుక మానసిక స్థితితో నేరుగా సంబంధం లేదు. డిప్రెషన్‌కు సెరటోనిన్ కొరతే కారణమా అన్న వివాదం 2022లో మళ్లీ వార్తల్లోకి వచ్చింది. ఆ వాదన ఎటు తేలినా, కింద చెప్పబోయే ప్రక్రియ మారదు.

సన్నని సిర గోడలో సందు

వాపు అంటే రక్తనాళం నుంచి ద్రవం బయటికి వచ్చి కణజాలంలో చేరడం. ఆ ద్రవం ఎక్కడి నుంచి కారుతుందన్న ప్రశ్నకు కంటికి కనిపించే రుజువు 1961లో దొరికింది. రాక్‌ఫెల్లర్ సంస్థలో జార్జ్ పలాడే, ఆయన సహచరుడు గీడో మైనో కలిసి ఎలుక వృషణాలను అంటి ఉండే పలుచని కండరాన్ని ఎంచుకున్నారు. అక్కడ కొద్దిగా హిస్టమిన్ (అలర్జీలో శరీరం వదిలే రసాయనం) గానీ సెరటోనిన్ గానీ ఎక్కించి, రక్తంలోకి నల్లని సూక్ష్మ కణాలున్న ద్రావణాన్ని పంపారు. తర్వాత ఆ కణజాలాన్ని ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద పెట్టి చూశారు. రక్తనాళం లోపలి పొరలో పక్కపక్కనే ఆనుకుని ఉండవలసిన కణాల మధ్య 0.1 నుంచి 0.8 మైక్రాన్ల వెడల్పున్న సందులు కనిపించాయి. నల్ల రేణువులు ఆ సందుల్లోంచి వచ్చి, గోడకు బయటివైపున్న పలుచని ఆధార పొర దగ్గర పేరుకుని ఉన్నాయి.

ఆ పరిశోధన చూపిన మరో సంగతి ఇంకా ముఖ్యమైనది. కారుతున్నది అతి సన్నని కేశనాళికల్లోంచి కాదు. వాటి తర్వాత వచ్చే వెన్యూల్స్ అనే చిన్న సిరల్లోంచి. ముఖ్యంగా 20–30 మైక్రాన్ల వ్యాసం ఉన్నచోట కారుడు ఎక్కువ. అంతవరకు చాలామంది కేశనాళికలే కారణమని అనుకునేవారు. హిస్టమిన్ వంటి రసాయనాలకు స్పందించే గ్రాహకాలు (కణం మీద ఉండి సంకేతాన్ని అందుకునే ప్రొటీన్లు) వెన్యూల్స్ గోడల్లో ఎక్కువగా ఉండడం ఇందుకు ఒక కారణమని ఇప్పుడు అర్థమవుతోంది.

సందు పడే తీరు ఇది. సెరటోనిన్ అణువు గోడ కణం మీది గ్రాహకాన్ని తాకుతుంది. సెరటోనిన్‌కు ఏడు కుటుంబాల్లో 14 రకాల గ్రాహకాలున్నాయి. ఎలుక పాదంలో వాపుకు ప్రధానంగా పనిచేసేది 5-హెచ్‌టీ2ఏ రకం (5-హెచ్‌టీ అంటే సెరటోనిన్ రసాయన పేరుకు పొట్టిరూపం). అది కదిలితే కణం లోపల కాల్షియం పెరుగుతుంది. కాల్షియం పెరిగితే కణంలోని ఆక్టిన్, మయోసిన్ పోగులు బిగుసుకుంటాయి. కణం కొంచెం ముడుచుకుని పొరుగు కణం నుంచి ఎడమవుతుంది. ఆ ఖాళీలోంచి నీటితో పాటు ఆల్బుమిన్ వంటి ప్రొటీన్లు కూడా బయటికి వస్తాయి. ప్రొటీన్లు బయటికి రావడమే అసలు మలుపు. మామూలుగా నాళం లోపలి ప్రొటీన్ నీటిని లోపలికి లాగి ఉంచుతుంది. అది బయటికి చేరాక నీటిని అటువైపే లాగుతుంది. అందుకే సందులు మూసుకున్న తర్వాత కూడా వాపు వెంటనే దిగదు. శోషరస నాళాలు ఆ ప్రొటీన్‌ను మోసుకుపోయేదాకా ఉంటుంది.

దీనికి తోడు సెరటోనిన్ సిరలను బిగిస్తుంది. రక్తం బయటికి పోయే దారి ఇరుకైతే వెనక ఉన్న వెన్యూల్స్‌లో ఒత్తిడి పెరుగుతుంది. ఒకవైపు గోడలో సందులు, మరోవైపు లోపల పెరిగిన ఒత్తిడి. రెండూ కలిసినప్పుడు పాదం చూస్తుండగానే ఉబ్బుతుంది. సెరటోనిన్ అక్కడి నొప్పి నరాలను కూడా రెచ్చగొడుతుంది కాబట్టి ఎలుక ఆ కాలు మోపకుండా ఎత్తి పట్టుకుంటుంది.

సెరటోనిన్‌తో వచ్చిన వాపు అరగంట, గంటలోపే గరిష్ఠానికి చేరి, ఆ తర్వాత క్రమంగా తగ్గుతుంది. విడుదలైన సెరటోనిన్‌ను కణాలు తిరిగి పీల్చుకోవడం, మోనోఅమైన్ ఆక్సిడేజ్ ఎంజైమ్ దాన్ని విరగ్గొట్టి మూత్రంలో పోయే పదార్థంగా మార్చడం ఇందుకు కారణం. మండి త్వరగా ఆరిపోయే ఈ గుణమే దాన్ని దీర్ఘకాలపు కీళ్లవాపు నుంచి వేరు చేస్తుంది.

గుడ్డు తెల్లసొన నుంచి సముద్రపు నాచు దాకా

ఎలుకకు గుడ్డు తెల్లసొన ఎక్కిస్తే మూతి, నాలుక, పాదాలు ఉబ్బుతాయని 1930ల నుంచే తెలుసు. రక్తానికి బదులుగా మనుషులకు ఎక్కించే డెక్‌స్ట్రాన్ కూడా ఎలుకల్లో ఇదే చేస్తుంది. మొదటిసారి ఇచ్చినా వస్తుంది కాబట్టి ఇది అలర్జీ కాదు. అలర్జీని పోలిన ప్రతిచర్య. మాస్ట్ కణాలు పగిలి తమలోని రసాయనాలను వదలడమే దీనికి మూలం. అందరూ హిస్టమిన్ వైపే చూశారు. కానీ హిస్టమిన్‌ను అడ్డుకునే మందులిచ్చినా ఎలుకల్లో వాపు పూర్తిగా ఆగలేదు.

1955లో బెండిట్ బృందం ఎలుక మాస్ట్ కణాల్లో సెరటోనిన్ ఉందని చూపించింది. మరుసటి ఏడాది రౌలీ, బెండిట్ చేసిన ప్రయోగాల్లో ఎలుకకు వాపు తేవడానికి హిస్టమిన్ కన్నా సెరటోనిన్ ఎన్నో రెట్లు తక్కువ మోతాదులో సరిపోతుందని తేలింది. బ్రిటన్‌లో పారట్, వెస్ట్ 1957లో ఎలుకల్లో ఈ ప్రతిచర్యకు సెరటోనిన్ ప్రధాన కారకమన్న నిర్ణయానికి వచ్చారు. మాస్ట్ కణాలను పగలగొట్టే 48/80 అనే కృత్రిమ పదార్థం ఈ పరిశోధనలకు ముఖ్యమైన పరికరం. పగలగొడితే వాపు వస్తుంది. కొన్ని రోజులు పదేపదే ఇచ్చి కణాల్లోని నిల్వ ఖాళీ చేస్తే ఆ తర్వాత అదే రెచ్చగొట్టుడుకు వాపు తగ్గిపోతుంది. ఉన్నప్పుడు వాపు, లేనప్పుడు లేదు: కారకాన్ని గుర్తించడానికి ఇది నమ్మదగిన తర్కం. 1960ల నాటికి డెక్‌స్ట్రాన్‌కు అసలు స్పందించని ఎలుకల వంశాలు కూడా గుర్తింపులోకి వచ్చాయి. అంటే ఒకే జాతిలో కూడా వంశాన్ని బట్టి ఫలితం మారుతుంది.

మందుల పరీక్షకు స్థిరమైన పద్ధతి మాత్రం 1962లో వచ్చింది. వింటర్, రిస్లీ, నస్ ఎర్రని సముద్రపు నాచు నుంచి తీసే కారజీనన్‌ను ఎలుక వెనక పాదం అరికాలి చర్మం కింద ఎక్కించి, వాపును కొలిచే పద్ధతిని ప్రచురించారు. ఒక శాతం ద్రావణం 0.1 మిల్లీలీటరు చాలు. పాదాన్ని చీలమండ దగ్గర పెన్నుతో పెట్టిన గీత వరకు ద్రవంలో ముంచి, ఎంత ద్రవం పైకి తొలగిందో ప్లెథిస్మోమీటర్ అనే పరికరంతో చూస్తారు. గంట గంటకూ ఇలా కొలుస్తూ పోతారు. గీత ఒక మిల్లీమీటరు అటూ ఇటూ అయినా, ఎలుక కాలు వెనక్కి లాక్కున్నా అంకె మారిపోతుంది. అందుకే కొలిచే మనిషికి ఏ ఎలుక ఏ మందు తిన్నదో తెలియకుండా ఉంచడం మంచి పరిశోధనకు గుర్తు.

కారజీనన్ వాపును 1971లో డి రోసా, గిరూడ్, విలోబీ మూడు దశలుగా విడదీశారు. మొదటి గంటన్నర హిస్టమిన్, సెరటోనిన్ పని. గంటన్నర నుంచి రెండున్నర గంటల వరకు కైనిన్లు అనే చిన్న ప్రొటీన్ ముక్కలు. ఆ తర్వాత ఆరు గంటల దాకా కొవ్వు ఆమ్లాల నుంచి తయారయ్యే ప్రోస్టాగ్లాండిన్లు. అదే ఏడాది ఆస్పిరిన్ వంటి మందులు ప్రోస్టాగ్లాండిన్ల తయారీని ఆపుతాయని జాన్ వేన్ కనిపెట్టాడు; 1982లో ఆయనకు నోబెల్ వచ్చింది. ఈ రెండు విషయాలూ కలిపి చూస్తే ఒక సంగతి స్పష్టమవుతుంది: ఇండోమెథసిన్ వంటి నొప్పి మాత్రలు కారజీనన్ వాపు మూడో గంటలో బాగా పనిచేస్తాయి, కేవలం సెరటోనిన్ ఎక్కించి తెప్పించిన వాపు మీద వాటి ప్రభావం అంతంత మాత్రమే. కాబట్టి ఏదైనా సారం మొదటి గంటలో వాపును తగ్గించి, మూడో గంటలో తగ్గించలేదంటే అది నొప్పి మాత్రల కోవకు చెందిందని చెప్పకూడదు. చాలా నివేదికల్లో ఈ తేడా కనిపించకుండా ‘వాపు నివారిణి’ అన్న ఒక్క మాటతో సరిపెడతారు.

సాధనాలు చెప్పేది, చెప్పనిది

సెరటోనిన్ వాపు పరీక్షలో పోలికకు ఎక్కువగా వాడే మందు సిప్రోహెప్టడిన్. పిల్లలకు ఆకలి పుట్టడానికి ఇచ్చే సిరప్‌గా తెలుగు ఇళ్లకు ఇది పరిచితమే. ఈ మందు సెరటోనిన్ 5-హెచ్‌టీ2 గ్రాహకాలను, హిస్టమిన్ హెచ్1 గ్రాహకాలను రెండింటినీ మూసేస్తుంది. అందువల్ల సిప్రోహెప్టడిన్‌తో వాపు తగ్గితే రెండిటిలో ఏది కారకమో తేలదు. హిస్టమిన్‌ను మాత్రమే అడ్డుకునే మెపిరమిన్‌నూ, 5-హెచ్‌టీ2ఏను అడ్డుకునే కెటాన్‌సెరిన్‌నూ వేరువేరు గుంపులకు ఇచ్చి పోల్చినప్పుడే లెక్క తేలుతుంది.

ఇంతకన్నా లోతైన హెచ్చరిక రిసర్పిన్ కథలో ఉంది. మన సర్పగంధ వేరు నుంచి 1952లో వేరుచేసిన ఈ పదార్థం కణాల్లో సెరటోనిన్ నిల్వలను ఖాళీ చేస్తుందని 1955లో తెలిసింది. దాంతో పరిశోధకులు దాన్ని సాధనంగా వాడుకోవడం మొదలుపెట్టారు. 1975లో చిట్టెలుకలకు రిసర్పిన్ ఇస్తే చర్మం మీద ఆలస్యంగా వచ్చే అలర్జీ వాపు ఆగిపోయిందని ఒక బృందం ప్రచురించింది. మాస్ట్ కణాల సెరటోనిన్ సందులు తెరవకపోతే టీ కణాలు (ఒక రకం తెల్ల రక్తకణాలు) చర్మంలోకి రాలేవన్నది వారి వివరణ. వినడానికి చక్కగా ఉంది. పదేళ్ల తర్వాత, 1985లో, మరో బృందం అదే ప్రయోగాన్ని తిరిగి పరిశీలించి, రిసర్పిన్ టీ కణాల పనినే దెబ్బతీస్తోందని, అందులో మాస్ట్ కణాల ప్రమేయం అవసరం లేదని చూపింది. రిసర్పిన్ వాడిన పాత ఫలితాలన్నీ తప్పని దీని అర్థం కాదు. ఒక సాధనం రెండు పనులు చేస్తున్నప్పుడు ఒకదాన్నే లెక్కలోకి తీసుకుంటే వివరణ ఎంత నున్నగా ఉన్నా నిలబడదు.

మోతాదు సంగతి కూడా చూడాలి. తరచుగా కనిపించే పద్ధతిలో మిల్లీలీటరుకు ఒక మిల్లీగ్రాము సెరటోనిన్ ఉన్న ద్రావణాన్ని 0.1 మిల్లీలీటరు పాదంలో ఎక్కిస్తారు. అంటే 100 మైక్రోగ్రాములు. మనిషి రక్తంలో మిల్లీలీటరుకు సుమారు 100–200 నానోగ్రాముల సెరటోనిన్ ఉంటుంది. ఆ లెక్కన ఎలుక పాదంలో ఒక్క చుక్కలో పెట్టింది మనిషి రక్తం అర లీటరు నుంచి లీటరు దాకా ఉండేంత. మాస్ట్ కణం పగిలిన చోట కూడా సాంద్రత క్షణకాలం బాగా పెరుగుతుంది కాబట్టి ప్రయోగం అర్థం లేనిదనకూడదు. కానీ సహజంగా వచ్చే వాపులో సెరటోనిన్ వాటా ఎంత అన్న ప్రశ్నకు ఈ ఇంజెక్షన్ జవాబు చెప్పదు. ‘సెరటోనిన్ వాపు తేగలదు’ అన్నది ఒకటి. ‘ఈ రోగంలో వాపు సెరటోనిన్ వల్లే వచ్చింది’ అన్నది మరొకటి.

ఎలుకకు ఉన్నది మనిషికి లేదు

జంతువుల మధ్య తేడా ఈ విషయానికి గుండెకాయ వంటిది. ఎలుక, చిట్టెలుక మాస్ట్ కణాల్లో హిస్టమిన్‌తో పాటు సెరటోనిన్ పుష్కలంగా ఉంటుంది. గినీపంది, మనిషి మాస్ట్ కణాల్లో హిస్టమిన్‌దే పెత్తనం. మనిషి మాస్ట్ కణాల్లో సెరటోనిన్ ఉన్నా స్వల్పమే. స్పందనలో కూడా ఇదే వరుస. ఎలుక హిస్టమిన్‌ను బాగా తట్టుకుంటుంది, సెరటోనిన్‌కు వెంటనే ఉబ్బుతుంది. గినీపంది హిస్టమిన్‌కు అతిగా స్పందిస్తుంది, దాని రక్తనాళాల మీద సెరటోనిన్ కారుడు ప్రభావం తక్కువ. ఈ విషయంలో మనిషి గినీపంది వైపే ఎక్కువ దగ్గర. చర్మం మీద దద్దుర్లకు హిస్టమిన్‌ను అడ్డుకునే సెటిరిజిన్ వంటి మాత్ర వేసుకుంటే చాలామందికి తగ్గడం ఇందుకు నిత్యం కనిపించే ఆధారం.

మనిషిలో సెరటోనిన్ స్థానికంగా చేసే పని వాపుకన్నా నొప్పి. 1950లలో లండన్‌లో కీల్, ఆర్మ్‌స్ట్రాంగ్ వాలంటీర్ల చేతి మీద బొబ్బ పుట్టించి, పై పొర తీసి, ఆ పచ్చి చర్మం మీద రకరకాల పదార్థాలు వేసి చూశారు. సెరటోనిన్ గట్టి నొప్పి పుట్టించింది. కందిరీగ విషంలో సెరటోనిన్, హిస్టమిన్, కైనిన్లు కలిసి ఉంటాయి. కుట్టిన వెంటనే వచ్చే ఆ తీవ్రమైన పోటులో సెరటోనిన్‌కు వాటా ఉంది. తర్వాత ఉబ్బే భాగంలో మాత్రం మిగతా పదార్థాల పాత్ర పెద్దది.

శరీరమంతటా సెరటోనిన్ పొంగిపొర్లితే మనిషికి ఏమవుతుందో కార్సినాయిడ్ కణితుల రోగులు చూపిస్తారు. పేగులో పుట్టే ఈ కణితులు సెరటోనిన్‌ను విపరీతంగా వదులుతాయి. ఎలుక ప్రయోగాన్నే నమ్ముకుంటే ఒళ్లంతా సెరటోనిన్ వాపు రావాలి. రోగుల్లో ప్రధానంగా కనిపించేవి మాత్రం నీళ్ల విరేచనాలు, మొహం ఎర్రబారడం, కొన్నాళ్లకు గుండె కుడివైపు కవాటాలు గట్టిపడటం. విరేచనాలను తగ్గించడానికి పేగులో సెరటోనిన్ తయారీని ఆపే టెలోట్రిస్టాట్ అనే మందుకు 2017లో అమెరికాలో అనుమతి వచ్చింది. కవాటాల దెబ్బకు 5-హెచ్‌టీ2బీ గ్రాహకం కారణం. దాన్ని రెచ్చగొట్టే ఫెన్‌ఫ్లురమిన్ అనే బరువు తగ్గించే మందు ఇదే హాని చేస్తోందని తేలి 1997లో మార్కెట్ నుంచి వెనక్కి వెళ్లింది. ఈ రోగుల్లో కాళ్లు వాస్తే అందుకు గుండె కుడివైపు బలహీనపడటం కారణం కావచ్చు. అది ఎలుక పాదంలో చూసిన ప్రక్రియ కాదు.

ఒకే పదార్థం, ఎదురెదురు ఫలితాలు

మనిషిలో సెరటోనిన్‌కు ఇన్‌ఫ్లమేషన్‌తో (వాపు, మంట, నొప్పి కలిసిన శరీర ప్రతిచర్య) సంబంధమే లేదని కూడా అనలేం. ప్లేట్‌లెట్ల దారి ఇంకా తెరిచే ఉంది. 2012లో వచ్చిన ఒక పరిశోధనలో కీళ్లవాపు ఉన్న చిట్టెలుకల కీళ్ల రక్తనాళాల్లో ప్లేట్‌లెట్ల సెరటోనిన్ వల్ల సందులు తెరుచుకుంటున్నట్లు తేలింది. 2013లో మరో బృందం ప్లేట్‌లెట్లలో సెరటోనిన్ లేని చిట్టెలుకల్లో ఇన్‌ఫ్లమేషన్ ఉన్నచోటికి న్యూట్రోఫిల్స్ అనే తెల్ల రక్తకణాలు తక్కువగా చేరుతున్నాయని చూపింది. ఇక్కడ సెరటోనిన్ మాస్ట్ కణాల నుంచి రావడం లేదు. మనిషిలో కూడా దండిగా ఉన్న నిల్వ నుంచే వస్తోంది. అందుకే ఈ దారి మనిషికి వర్తించే అవకాశం పాదం ఇంజెక్షన్ కన్నా ఎక్కువ.

పేగులోని తయారీ ఎంజైమ్ జన్యువును తీసేసిన చిట్టెలుకలు ఇంకో చిక్కుముడి ముందుపెట్టాయి. 2009లో వాటికి పెద్దపేగు పూత తెప్పిస్తే, మామూలు చిట్టెలుకల కన్నా తక్కువ తీవ్రంగా వచ్చింది. అంటే సెరటోనిన్ లేకపోవడం మేలు చేసింది. 2016లో అలాంటి చిట్టెలుకలకే కొలాజెన్‌తో కీళ్లవాపు తెప్పిస్తే, రోగం మరింత ముదిరింది. సెరటోనిన్ లేకపోవడం కీడు చేసింది. పెద్దపేగులో రెచ్చగొట్టేదిగా కనిపించిన పదార్థమే కీలులో అదుపు చేసేదిగా కనిపించింది. టీ కణాల్లో ఏ రకం పెరుగుతుందన్నదాన్ని సెరటోనిన్ మార్చడం ఇందుకు కారణమని ఆ పరిశోధకులు వివరించారు.

గ్రాహకం దగ్గర కూడా ఇదే పరిస్థితి. 5-హెచ్‌టీ2ఏను సెరటోనిన్ తాకితే ఎలుక పాదం ఉబ్బుతుంది. అదే గ్రాహకాన్ని డీఓఐ అనే మరో పదార్థం తాకినప్పుడు టీఎన్‌ఎఫ్ ఆల్ఫా అనే సంకేత ప్రొటీన్ రెచ్చగొట్టే ఇన్‌ఫ్లమేషన్ ఆగిపోతోందని 2008లో లూసియానాలో చార్లెస్ నికల్స్ బృందం కనిపెట్టింది. ఒకే గ్రాహకం తనను తాకిన అణువును బట్టి, కణాన్ని బట్టి లోపల వేర్వేరు సంకేతాలు పంపగలదు. ‘సెరటోనిన్‌ను అడ్డుకుంటే వాపు తగ్గుతుంది’ అన్న సూత్రాన్ని కళ్లు మూసుకుని వాడలేమని చెప్పడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

వావిలాకు వార్త వచ్చినప్పుడు

తెలుగు రాష్ట్రాల్లో ఫార్మసీ కళాశాలలు చాలా ఉన్నాయి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ జంతు కేంద్రం దశాబ్దాల పాటు పరిశోధనశాలలకు ఎలుకలను పెంచి ఇచ్చింది. జంతువుల మీద ప్రయోగానికి నైతిక సంఘం అనుమతి తప్పనిసరి. ఎలుక పాదం వాపు చవకైనది, ఒక్కరోజులో ముగిసేది కాబట్టి విద్యార్థుల పరిశోధనకు అది మొదటి ఎంపిక. వావిలాకు, తిప్పతీగ, పసుపు ఇలా పరీక్షకు వచ్చినవే. ఇళ్లలో వాడుకలో ఉన్న మూలికను కొలిచి చూడటం విలువైన పనే. దాని ఫలితాన్ని వార్తగా మార్చేటప్పుడే తప్పులు దొర్లుతున్నాయి.

ముందుగా శాతాల సంగతి. ఉదాహరణకు పాదం పరిమాణం మొదట 1.0 మిల్లీలీటరు. మందు ఇవ్వని గుంపులో 1.8కి, సారం ఇచ్చిన గుంపులో 1.4కి పెరిగిందనుకుందాం. పెరుగుదల 0.8 నుంచి 0.4కి తగ్గింది కాబట్టి ‘50 శాతం నివారణ’ అని రాస్తారు. ఉబ్బిన పాదాల మొత్తం పరిమాణాన్ని పోలిస్తే తేడా 22 శాతమే. మొదటి లెక్క తప్పు కాదు, అదే రివాజు. కానీ దాన్ని ‘వాపు సగం నయమైంది’ అని చదవకూడదు. ఎందుకంటే సారాన్ని సాధారణంగా వాపు తెప్పించడానికి గంట ముందే ఇస్తారు. ఆస్పత్రికి వచ్చే రోగి వాపుతోనే వస్తాడు.

మరో చిక్కు ఉంది. ఘాటైన సారాన్ని ఎలుక పొట్టలోకి ఎక్కిస్తే అక్కడ మంట పుట్టి, ఆ ప్రభావంతో దూరంగా ఉన్న పాదంలో వాపు తగ్గిపోవచ్చు. రక్తపోటు పడిపోయినా, పాదానికి రక్తం తక్కువగా అందినా వాపు తగ్గుతుంది. ఈ మూడింటిలో ఏదీ మందు గుణం కాదు. నోటి ద్వారా ఇచ్చారా, రక్తపోటు చూశారా, పాదానికి రక్తం అందుతోందో లేదో చూశారా అన్న వివరాలు నివేదికలో ఉంటే దానికి బరువు పెరుగుతుంది.

ఒక సారం ఎలుకలో సెరటోనిన్ వాపును నిజంగానే అడ్డుకుందనుకుందాం. అప్పుడు కూడా తేలింది ఇంతే: అందులో 5-హెచ్‌టీ2ఏను మూసేదో, మాస్ట్ కణాలను పగలనివ్వనిదో, వెన్యూల్స్ గోడను బిగించి ఉంచేదో ఏదో ఉంది. కీళ్లవాత రోగికి అది పనికొస్తుందా అన్నది తేలాలంటే అదే సారాన్ని గినీపంది మీద హిస్టమిన్ వాపుకు ఎదురుగా పెట్టి చూడాలి. వాపు ముదిరిన తర్వాత మొదలుపెట్టి వారాల తరబడి ఇచ్చి, ఎముక అరుగుదలను కూడా కొలవాలి. మనిషి ప్లేట్‌లెట్లు సెరటోనిన్‌ను పీల్చుకోవడం, వదలడం మీద దాని ప్రభావాన్ని గాజు గొట్టంలో పరీక్షించాలి. గుండె కవాటాలను దెబ్బతీసే 5-హెచ్‌టీ2బీని అది తాకడం లేదని నిర్ధారించుకోవాలి. మనుషుల మీద పరీక్ష వీటన్నిటి తర్వాతే.